మల్లెకు జనవరి కావాలి

నిన్న పొద్దున మిద్దె మీద మిగిలినవి లెక్కపెట్టాను. 19 ఉన్నాయి. ఉగాది నాటికి ఇదే మిద్దె మీద 112 కుండీలు ఉండేవి. మట్టి కుండీలు, గ్రో బ్యాగులు, పెయింట్ డబ్బాలు, వంటింట్లోంచి తీసేసిన పాత సింకు ఒకటి, అన్నీ కలిపి. ఆగస్టు మొదటి వారంలో నేను ఉద్యోగం మీద సింగపూర్ వెళ్తున్నాను. మూడేళ్ల కాంట్రాక్టు. మా ఆయనా, పాపా ఈ ఏడాది స్కూలు అయ్యాక వస్తారు. అత్తయ్య రానన్నారు. మల్కాజిగిరిలో ఈ ఇల్లు కట్టినప్పటి నుంచి ఆవిడ ఇక్కడే ఉన్నారు, ఇక్కడే ఉంటానన్నారు. కానీ మోకాళ్ల నొప్పులతో రెండంతస్తుల మెట్లెక్కి నీళ్లు పోయడం ఆవిడ వల్ల కాదు. కాబట్టి కింద నేలలో ఉన్న పారిజాతం, కరివేపాకు, తులసికోట తప్ప మిద్దె మీదివన్నీ ఇచ్చేయాలి.

విషయం తెలిసిన ప్రతివాళ్లూ ఒకటే అన్నారు. "నీకు మొక్కలంటే ప్రాణం కదా, అక్కడ ఏది గుచ్చినా మొలుస్తుందట, ఇంకేం కావాలి?" మాట నిజమే. ఏప్రిల్‌లో ఇల్లు చూసుకోవడానికి వారం రోజులు వెళ్లినప్పుడు నేనూ చూశాను. చూసొచ్చాకే నాకు దిగులు మొదలైంది.

ఆఫీసులో అందరూ "ట్రాపిక్స్‌కి వెళ్తున్నారు" అంటారు. మనం ఉన్నదీ ట్రాపిక్సే, అంటే ఉష్ణమండలమే. హైదరాబాద్ కర్కటరేఖకు చాలా కింద, 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైన. విమానంలో నాలుగున్నర గంటల దూరం. మొక్కకు మాత్రం అవి రెండూ వేరు వేరు లోకాలు. మనకు ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడిపోతుంది. అక్కడ 2,100 పైన, అన్ని నెలల్లోనూ. మనకు మేలో 42 డిగ్రీల ఎండ, డిసెంబర్ తెల్లవారుజామున 13. అక్కడ ఏ నెల చూసినా రాత్రి 24, 25, పగలు 31, 32. పగటి పొడవు సంగతి ఇంకా విచిత్రం. మనకు డిసెంబర్‌లో పగలు 11 గంటలే ఉంటుంది, జూన్‌లో 13 గంటలు దాటుతుంది. అక్కడ ఏడాదంతా 12 గంటలే, అటూ ఇటూ పది నిమిషాల తేడా కూడా రాదు.

ఆ చివరి అంకె చదవగానే నాకు చామంతి గుర్తొచ్చింది. చామంతి పూయాలంటే రాత్రి పొడవు పెరగాలి. మా మిద్దె మీద దానికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. వానాకాలమంతా ఆకులు పెంచుకుంటుంది, దసరా దాటి పొద్దు త్వరగా గూకడం మొదలయ్యాక మొగ్గ కడుతుంది, సంక్రాంతి ముగ్గుల దాకా పూస్తూనే ఉంటుంది. పగలూ రాత్రీ ఎప్పుడూ సమానంగా ఉండేచోట దానికి పెరిగే కాలమేదో, పూసే కాలమేదో తెలియదు. బుడ్డగా ఉండగానే మొగ్గ తొడుగుతుంది. మలేషియాలో కామెరాన్ హైలాండ్స్ అనే కొండప్రాంతంలో చామంతి పెంచేవాళ్లు అందుకే రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగిస్తారు. ఇంకా పగలే అనుకుని మొక్క పొడుగ్గా పెరుగుతుంది. కావలసినంత ఎత్తు వచ్చాక బల్బులు ఆపేస్తారు, అప్పుడు పూస్తుంది. నాకు డిసెంబర్ ఊరికే చేసిపెడుతున్న పనిని అక్కడ కరెంటు పెట్టి చేయిస్తారన్నమాట.

నేను ఫార్మాలో క్వాలిటీ అష్యూరెన్స్‌లో పనిచేస్తాను. జీడిమెట్లలో పదహారేళ్లు చేశాను, ఇక సింగపూర్ టువాస్‌లో చేయబోతున్నాను. మా పనిలో రాసి పెట్టని పని చేయనట్టే లెక్క. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. 2013 నుంచి మిద్దెతోటకు ఒక నోట్‌బుక్ ఉంది. ఏ మొక్క ఎక్కడ కొన్నాను, ఎప్పుడు కుండీ మార్చాను, ఏ ఎరువు వేశాను, మొదటి పువ్వు ఎప్పుడు పూసింది, అన్నీ తేదీలతో ఉంటాయి. ప్రయాణం ఖాయమయ్యాక రెండు రాత్రులు ఆ పుస్తకమంతా మొదటి నుంచి చదివాను. ఒక్క పేజీ కూడా అక్కడ పనికిరాదు. "మార్చి 20, గ్రీన్ నెట్ కట్టాలి." "జూన్ 8, మిరుగు. విత్తనాలు." "నవంబర్ 15, గులాబీ కత్తిరింపు అయింది." నాకు మొక్కల గురించి తెలుసని పన్నెండేళ్లుగా అనుకుంటున్నది నిజానికి ఈ ఊరి ఎండ గురించి, ఈ ఊరి చలి గురించి తెలియడమే. అది కుండీతో పాటు ఇక్కడే ఉండిపోతుంది.

పంపకం ఏప్రిల్ చివర మొదలుపెట్టాను. మొదటిసారి తప్పు చేశాను. మా కాలనీకి దగ్గర్లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ వాళ్లు అందం కోసం మెట్ల దగ్గర పెట్టుకుంటామంటే 14 కుండీలు ఒకేసారి ఇచ్చాను. నాలుగు మందారాలు, ఆరు క్రోటన్లు, రెండు నందివర్ధనాలు, రెండు నిమ్మలు. పది రోజుల తర్వాత అటు వెళ్తూ లోపలికి తొంగి చూశాను. ఎండ నేరుగా పడే గోడ పక్కన, సిమెంటు నేల మీద వరసగా పెట్టారు. మే నెల. మందారాలు నాలుగూ నిలువునా ఎండిపోయాయి. నిమ్మచెట్టు ఒకటి నేను గింజ నుంచి పెంచింది, ఏడో ఏట మొదటి కాయ కాసింది. దాని ఆకులు చేత్తో ముట్టుకుంటే పొడి అయ్యాయి. నీళ్లు ఎవరు పోయాలో వాళ్లలో వాళ్లకే తేలలేదట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు వాళ్లదే అనలేను. ఏ మొక్కకు ఏం కావాలో నేను చెప్పకుండా వదిలేశాను.

ఆ తర్వాత నుంచి ఒక్కో కుండీకి ఒక్కో చీటీ రాశాను. ఒక ఇంటికి అయిదు కుండీలకు మించి ఇవ్వలేదు. తీసుకునే మనిషి పొద్దున ఆరున్నరకు మా మిద్దె మీదికి వచ్చి, ఒక్కసారైనా తన చేత్తో నీళ్లు పోయాలన్నాను. కొందరికి చాదస్తంగా అనిపించి ఉంటుంది. అయినా అందరూ వచ్చారు.

అన్నిటికంటే పొడుగు చీటీ గుండుమల్లెది. మా అమ్మది నల్లగొండ దగ్గర పల్లె. వాళ్ల ఊళ్లో మల్లెతోట ఉన్నవాళ్లు చలికాలంలో తోటకు నీళ్లు ఆపేసి, గొర్రెల్ని తోలి ఆకు మేపించేవాళ్లని అమ్మ చెప్పేది. అదే పద్ధతి మిద్దె మీద కుండీకి సరిపోయేలా చేసి చూపించింది అమ్మే. నవంబర్ నుంచి నీళ్లు తగ్గించాలి. డిసెంబర్‌లో మొక్క చచ్చిపోకుండా ఉండేంత తడి మాత్రమే ఇవ్వాలి. జనవరి మొదటి పక్షంలో ఆకంతా చేత్తో దూసేసి, కొమ్మల్ని సగానికి పైగా కత్తిరించి, పైమట్టి రెండంగుళాలు గుల్ల చేసి, రెండు వారాలు ఎండకు వదిలేయాలి. తర్వాత మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి బాగా తడపాలి. మార్చి మొదటి వారానికి మొగ్గ కనిపిస్తుంది. మా నోట్‌బుక్‌లో 2019ది ఇలా ఉంది: "జనవరి 9, మల్లె దూశాను. మార్చి 4, మొదటి పదకొండు పూలు. అమ్మకు ఫోన్ చేశాను."

ఈ మల్లెను మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ తీసుకుంది. చీటీ చదివి వినిపిస్తే ఆశ్చర్యపోయింది.

"మంచిగున్న చెట్టుకు ఆకు దూసుడేంది అక్కా? నీళ్లు బంద్ చేస్తే పానం పోదా?"

"పోదు. పడుకుంటుంది. పడుకుని లేస్తేనే పూస్తుంది."

ఆవిడ కాసేపు మొక్కనే చూసి, "గట్లయితే జనవరిల నీకు ఫోన్ చేస్త. నువ్వు వీడియోల చూస్తుంటే దూస్త, ఒక్కదాన్నే నాకు భయమైతది" అంది. చేయమన్నాను. జనవరి 9, ఆదివారమైనా కాకపోయినా, పొద్దున్నే చేయమన్నాను.

మిగతావి చకచకా వెళ్లిపోయాయి. కనకాంబరాలు, బచ్చలి తీగ వాచ్‌మన్ వాళ్లకు. గులాబీలు పాప బడికి, వాళ్ల సైన్సు టీచర్ స్వయంగా ఆటోలో తీసుకెళ్లారు. అడీనియంలు, అంటే లావు మొదలుండే ఎడారి మొక్కలు, వాటిని మాత్రం ఒక పట్టాన ఇవ్వలేకపోయాను. వాటి వెనక ఒక కథ ఉంది. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో పడిన వాన ఎవరూ మర్చిపోయి ఉండరు. నగరంలో ఎందరి ఇళ్లో మునిగిపోయిన రాత్రి అది. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ మిద్దె మీద గొట్టం పూడుకుపోయి చీలమండల దాకా నిలిచాయి. తెల్లవారి దాకా ఎవరం పైకి వెళ్లలేకపోయాం. వారం తిరక్కుండా తొమ్మిది అడీనియంల మొదళ్లు మెత్తబడ్డాయి. వేలితో నొక్కితే లోపలికి దిగిపోయేవి. కుళ్లిన భాగం కోసేసి, పసుపు అద్ది, నెల రోజులు నీడలో ఆరబెట్టి మూడింటిని బతికించాను. మన ఎండాకాలంలో మొక్కను కాపాడటం నాకు వచ్చు. నీళ్ల నుంచి కాపాడటం ఆ నెలలోనే కాస్త నేర్చుకున్నాను. సింగపూర్‌లో నాకు అక్కరకొచ్చే విద్య అదొక్కటే.

ఎందుకంటే అక్కడ అంతా తలకిందులు. ఇక్కడ మట్టి కలిపేటప్పుడు తడి ఎక్కువసేపు నిలవాలని కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, దండిగా వేస్తాం. అక్కడ నీళ్లు పోసిన క్షణంలో కిందికి జారిపోవాలి. ప్యూమిస్, పెర్లైట్ అనే తేలికపాటి రాతి గుల్లలు, చెట్టు బెరడు ముక్కలు ఎక్కువ, మట్టి తక్కువ. వానకు పోషకాలు కొట్టుకుపోతాయి కాబట్టి ఎరువు కొంచెం కొంచెంగా తరచూ ఇవ్వాలి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకూడదు, అది డెంగీ దోమకు ఇల్లు. అధికారులు ఇళ్లకొచ్చి చూస్తారు, దోమ పిల్లలు కనిపిస్తే జరిమానా. నేను మాట్లాడుకున్న ఫ్లాట్ బూన్ లే దగ్గర తొమ్మిదో అంతస్తులో ఉంది. మిద్దె లేదు. గుమ్మం ముందు కారిడార్‌లో కుండీలు పెట్టుకోవచ్చు, అయితే అగ్నిప్రమాదం వస్తే జనం బయటపడటానికి 1.2 మీటర్ల దారి వదలాలి. ఆ కొలతకు లోబడి పక్కింటి తమిళ పెద్దాయన ఒక కరివేపాకు మొక్కను నా ఎత్తు పెంచారు. నేను అక్కడ నిలబడి ఆకు తుంచి వాసన చూస్తుంటే ఆయన గ్రిల్ తలుపు వెనక నుంచి నవ్వారు.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వెళ్లే రోడ్డు గురించి చెప్పాలి. రెండు వైపులా గొడుగుల్లా విచ్చుకున్న చెట్లు, పైన కొమ్మలు దాదాపు కలిసిపోయి ఉన్నాయి. ఏ చెట్టో అనుకుంటూ ఆకు చూస్తే నిద్రగన్నేరు! మన హైదరాబాద్ రోడ్ల పక్కన ఉన్నదే. మబ్బు పట్టినా, పొద్దు గూకినా ఆకులు ముడుచుకుంటుంది కదా, అదే. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి మనకూ వచ్చింది, వాళ్లకూ వచ్చింది. అయితే ఇక్కడి చెట్టు కొమ్మలు ఖాళీగా ఉంటాయి. అక్కడి చెట్టు కొమ్మ కొమ్మకూ ఫెర్న్‌లు. అందులో బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ ఉంది, అంటే గూడు ఆకారంలో ఉండే పెద్దాకుల ఫెర్న్. దాన్ని నేను ఇక్కడ నాలుగేళ్లుగా బాత్రూమ్ కిటికీలో పెట్టి పెంచుతున్నాను. రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరిస్తాను. మేలో కిటికీకి తడిగుడ్డ కడతాను. ఇంత చేసినా ఆకు అంచులు మాడతాయి, జానెడు కంటే ఎదగలేదు. అక్కడ అదే ఫెర్న్ రోడ్డు పక్క చెట్టు పంగలో, మట్టి లేకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా, రెండు చేతులు చాపినంత వెడల్పున కూర్చుని ఉంది. కింద నుంచి బస్సులు పోతున్నాయి. నేను బస్టాప్‌లో తల పైకెత్తి చూస్తూ ఉండిపోయాను. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కొంత. నా కిటికీలో ఉన్నది ఇన్నాళ్లూ ఎంత కష్టం పడుతోందో అప్పుడు తెలిసింది, అది కొంత.

వెళ్లిన వారంలో మూడు పొద్దుళ్లు బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్లాను. 1859లో మొదలైన తోట, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెల్లవారుజామున అయిదింటికే తెరుస్తారు, లోపలికి టికెట్ లేదు. ఆర్కిడ్ తోటకు మాత్రమే టికెట్. సింగపూర్ జాతీయ పుష్పం అక్కడ మొదటిసారి దగ్గర నుంచి చూశాను. వాండా మిస్ జోక్విమ్ అంటారు. 1893లో ఆగ్నెస్ జోక్విమ్ అనే ఆవిడ తోటలో పూసిన సంకరజాతి ఆర్కిడ్. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మలయా ప్రాంతపు మొక్క. రెండోది మన ఈశాన్య రాష్ట్రాల వైపు అడవుల్లోనూ పెరిగేదే. ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాను. మన వైపూ పెరిగే ఒక మొక్క అక్కడి మొక్కతో కలిసి ఆ దేశపు పువ్వు అయిందంటే నాకు ఎంత ధైర్యంగా అనిపించిందో! ఇంకో చోట రబ్బరు చెట్ల సంగతి ఉంది. 1877లో లండన్ క్యూ తోట నుంచి 22 రబ్బరు మొక్కలు సింగపూర్ తోటకు వచ్చాయి. తర్వాత ఆ తోట డైరెక్టర్ హెన్రీ రిడ్లీ చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతి కనిపెట్టాడు. మలయా రబ్బరు తోటలకు మూలం అదే.

గార్డెన్స్ బై ద బేలో అద్దాల గోపురం కూడా చూశాను. లోపల 23 నుంచి 25 డిగ్రీలు ఉండేలా చల్లబరిచి, చల్లని పొడి దేశాల మొక్కలు పెంచుతున్నారు. అద్భుతమే. నా మనసు మాత్రం బస్టాప్ దగ్గరే ఉండిపోయింది.

నాతో ఒక్క మొక్కనైనా తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడిగారు. మొక్క దేశం దాటాలంటే తెగుళ్లూ పురుగులూ లేవని ఇక్కడి ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఆర్కిడ్లు, కాక్టస్‌ల లాంటి వాటికి సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై దేశాల ఒప్పందం) అనుమతులు వేరే. బ్యాగులో నాలుగు గోంగూర గింజలు పడేసుకుంటే ఎవరు చూస్తారన్న వాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. కంటికి కనిపించని ఒక బూజు తెగులు ఎంత తోటను తుడిచిపెడుతుందో తెలిసిన మనిషిని. కాగితం లేకుండా గింజ కూడా నా చేత్తో దాటించను. నా నోట్‌బుక్ ఒక్కటే తీసుకెళ్తున్నాను, ఒక కొత్త నోట్‌బుక్ కూడా.

ఫెర్న్ ఎవరికివ్వాలో చివరిదాకా తేల్చుకోలేకపోయాను. మొన్న శనివారం దాన్ని కొన్న నర్సరీకే తీసుకెళ్లాను. నర్సరీ అన్న షేడ్ నెట్ కింద, తడి ఆరని మూలలో, రెండు కొబ్బరి పీచు కుండీల మధ్య చోటు చేశాడు. "నాలుగేండ్లు బతికించినవా అక్కా దీన్ని? మా దగ్గర కొన్నోళ్లు నాలుగు నెలలకు కొత్తదానికొస్తరు" అన్నాడు. డబ్బులివ్వబోయాడు, తీసుకోలేదు. అమ్మొద్దని మాత్రం అడిగాను. సరేనని కుండీకి ఎర్ర దారం కట్టాడు.

మిగిలిన 19లో పన్నెండు చామంతి పిలకలు. మిరుగు వానలకు పాత దుబ్బుల నుంచి విడదీసి నాటాను. ఇప్పుడు నాలుగేసి ఆకులతో ఉన్నాయి. వాటిని ఎవరికీ ఇవ్వనివ్వలేదు అత్తయ్య. కిందికి దింపించి తులసికోట చుట్టూ పెట్టించుకున్నారు. "ఇవి పూసేనాటికి నువ్వుండవు గానీ నేనుంటాగా" అన్నారు.

మిద్దె దాదాపు ఖాళీ అయ్యాక నేల మీద కుండీలు పెట్టిన చోటల్లా తెల్లటి గుండ్రాలు మిగిలాయి, బోరునీళ్ల ఉప్పు మరకలు. నిన్న సాయంత్రం వాటిని లెక్కపెడుతూ కూర్చుంటే అత్తయ్య గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వచ్చారు. ఏడాదిగా పైకి రాలేదు ఆవిడ. నా పక్కన కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుని అడిగారు.

"అక్కడ మల్లె పెడతావా అమ్మా?"

"పెడతాను అత్తయ్యా. మల్లె లేకుండా ఎలా?"

"మరి ఎప్పుడు దూస్తావు? అక్కడ చలికాలమే లేదంటివి."

చెప్పలేకపోయాను. నీళ్లు ఎప్పుడు మానాలి, అసలు మానినా వాన మానుతుందా, దూయకపోయినా పూస్తుందా, నాకేమీ తెలియదు.

"ఏడాది ఊరికే చూస్తాను. చూసి ఫోన్ చేస్తాను" అన్నాను.

"రాసి పెట్టుకో" అన్నారు.